రిటైరయ్యాక ఇద్దరం పడవలో కాపురం, కృష్ణపట్నం నుంచి పైకి తీరం వెంబడి. జరిగే పనేనా?

కావలి_రిటైర్డ్:
అందరికీ నమస్కారం. ఉండేది కావలి, బ్యాంకు ఉద్యోగం, వచ్చే మే నెలతో సర్వీసు అయిపోతుంది. పిల్లలిద్దరికీ పెళ్లిళ్లు చేశాం, ఒకరు బెంగళూరు, ఒకరు పుణె. ఇక ఇంట్లో కూర్చుని అపార్ట్‌మెంటు అసోసియేషన్ గొడవల్లో తలదూర్చే ఉద్దేశం నాకు లేదు. చిన్న తెరచాప పడవ, లోపల పడుకోడానికీ వండుకోడానికీ చోటుండేది ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొని, ఏడాదిలో ఆరేడు నెలలు నేనూ మా ఆవిడా దాంట్లోనే ఉండాలని ఆలోచన. కృష్ణపట్నంలో మొదలుపెట్టి జువ్వలదిన్నె, రామాయపట్నం, కొత్తపట్నం, వాడరేవు, నిజాంపట్నం, అట్టా నిదానంగా కాకినాడ దాకా పోయి మళ్లీ రావడం. తొందరేం లేదు, నచ్చిన చోట లంగరేసి నాలుగు రోజులుండి చేపల పులుసు తిని కదలడం.

నాకు ఈతొచ్చు. పోయినేడు హుస్సేన్‌సాగర్‌లో వారం రోజులు తెరచాప నడపడం నేర్చుకున్నా. మా ఆవిడకి ఈత రాదు, ఆమె ఇంకా ఒప్పుకోలేదు, కానీ ఒప్పుకుంటుంది. యూట్యూబులో విదేశీ జంటలు ఏళ్ల తరబడి ఇట్టా బతికేస్తున్నారు. మన తీరంలో ఎవరైనా చేస్తున్నారా, చేస్తే ఎట్టా, ఎంతవుతుంది, ఏ నెలల్లో కదలాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

ఒంగోలు_గిత్త:
"ఇంకా ఒప్పుకోలేదు, కానీ ఒప్పుకుంటుంది." ఈ ఒక్క ముక్కకి దండం సార్. మా నాన్న ఇదే మాట చెప్పి నాలుగు గేదెలు తోలుకొచ్చాడు, ఇప్పటికీ పేడ ఎత్తేది మా అమ్మే.

పోర్టు_పాతకాపు:
నేను పోర్టులో ఓడల్ని లాగే టగ్గు బోట్ల మీద ఇరవై రెండేళ్లు చేశాను, మొహమాటం లేకుండా చెప్తున్నా, వద్దు. మీరు చూసే వీడియోలన్నీ దీవులూ, కొండల మధ్య లోతు నీళ్లూ ఉన్న చోట్లవి. గాలి తిరిగితే కొండ చాటుకి పోయి లంగరేస్తారు. మనకి పులికాట్ నుంచి నిజాంపట్నం దాకా తీరం స్కేలు పెట్టి గీసినట్టుంటుంది, ఒక కొండ లేదు, ఒక చాటు లేదు. తూర్పు నుంచి గాలి లేచిందంటే పడవని సీదాగా ఒడ్డు మీదకే తోస్తుంది. నచ్చిన చోట లంగరేసి నాలుగు రోజులుండటం మైపాడు ముందరో కొత్తపట్నం ముందరో కుదిరే పని కాదు, రాత్రంతా అల ఊపుతానే ఉంటుంది, పులుసు తినడం సంగతి తర్వాత, తిన్నది కడుపులో నిలిస్తే చాలు.

లెక్క కూడా చూసుకోండి. చెన్నై నుంచి కృష్ణపట్నానికి ఇంచుమించు 70 నాటికల్ మైళ్లు, అంటే 130 కిలోమీటర్లు. మీ పడవ గంటకి 5 మైళ్లు పోతే గొప్ప, అంటే పద్నాలుగు గంటలు. కృష్ణపట్నం నుంచి నిజాంపట్నం వంద మైళ్లు దాటుద్ది, ఒక పగలూ ఒక రాత్రీ. మధ్యలో దూరదగ్గ చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అదీ ఒక చేతి వేళ్లు.

హైదరాబాద్_నెల్లూరోడు:
సార్ మరీ అంత భయపెట్టకండి. తారిణి అనే పడవలో ఆరుగురు నేవీ ఆడవాళ్లు 2017 సెప్టెంబరులో గోవాలో బయల్దేరి భూమి చుట్టూ తిరిగి 2018 మేలో మళ్లీ గోవాకి చేరారు, అందులో స్వాతిది విశాఖ, ఐశ్వర్యది మా హైదరాబాద్. అదేం పెద్ద ఓడ కాదు, 55 అడుగుల తెరచాప పడవ. మనం నిజాంపట్నం పోలేమా?

పోర్టు_పాతకాపు:
వాళ్ల వెనక నేవీ ఉంది బాబూ, ముందు ఏళ్ల ట్రైనింగ్ ఉంది. పైగా నడిసముద్రంలో పడవకి తగలడానికేమీ ఉండదు. నేను చెప్పేది ఒడ్డు గురించి.

పడవక్క:
రెండ్రోజులుగా చదువుతున్నా, రాయాలా వద్దా అని ఊగిసలాడి ఇప్పుడు రాస్తున్నా. మేం ఉంటున్నాం ఇట్టా, ఇది మూడో ఏడు. నేను ఒంగోలులో లెక్కల టీచర్‌గా చేసి వాలంటరీ తీసుకున్నా, మా ఆయన మర్చంట్ షిప్పుల్లో ఇంజనీరు. మాది 31 అడుగుల ఫైబర్ పడవ, పాతది, 20 హార్స్‌పవర్ డీజిల్ ఇంజను, రెండు తెరచాపలు. నీళ్ల కిందకి దాని అడుగు నాలుగున్నర అడుగులు దిగుతుంది. ఆ నాలుగున్నర అడుగులు గుర్తుపెట్టుకోండి, మా కష్టాలన్నీ అక్కణ్ణించే.

పోర్టు సార్ చెప్పింది అబద్ధం కాదు. సముద్రం మీద మాకు పెద్దగా ఏమీ కాలేదు, అయినవన్నీ ఏటి మొగల దగ్గరే, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట. పెన్నా మొగ, గుండ్లకమ్మ మొగ మ్యాపులో వెడల్పుగా నీలంగా కనపడతాయి, దగ్గరికి పోతే ఇసుక మేట, దాని మీద తెల్లగా విరిగే అల. వానలు పోయాక ఏరు సన్నబడుతుంది, సముద్రం ఇసుక తెచ్చి మూతి కట్టేస్తుంది. పోటు మీద ఎక్కి పోదామంటే మన దగ్గర పోటుకీ పాటుకీ తేడా మీటరు అటూ ఇటూ. నాటు ఫైబర్ బోటు అడుగున్నర నీళ్లలో జారిపోతుంది, మాది గుచ్చుకుంటుంది.

మొదటి ఏడాది ఒక మొగలో, ఏ మొగో చెప్పను, ఆ ఊళ్లో ఇప్పుడు మాకు చుట్టాలున్నట్టే, ముందు ఒక ఫైబర్ బోటు పోతుంటే అది పోయిన దారే కదా అని వెనకే పోయాం. దడ్‌మని ఒక్క దెబ్బ. లోపల స్టవ్వు మీదున్న పప్పు గిన్నె ఎగిరి సముద్రపు మ్యాపు, అదే చార్టు, దాని మీద పడింది, ఇప్పటికీ ఆ చార్టులో ఈసకపల్లి దగ్గర పసుపు మరక ఉంటుంది. వెనక నుంచి అల వచ్చి ఎత్తి కొట్టడం, మళ్లీ ఎత్తి కొట్టడం. మా ఆయన నన్ను తిట్టాడు, నేను ఆయన్ని తిట్టాను, ముప్పై ఏళ్ల కాపురంలో వాడని మాటలు వాడుకున్నాం. అప్పుడు ఒడ్డు నుంచి పదిమంది కుర్రాళ్లు ఈదుకుంటా వచ్చారు. మేం నెడతారేమో అనుకున్నాం, నెట్టలేదు. తెరచాప స్తంభం కొసన ఉన్న తాడు అడిగి తీసుకుని, ఒక బోటుకి కట్టి, పక్కకి లాగారు. పడవ ఒక పక్కకి ఒరిగింది, ఒరిగేసరికి కింద గుచ్చుకున్న అడుగు ఇసుక మీంచి లేచింది, నేను ఇంజను ఇచ్చా, జరజరా జారి లోతుకి వచ్చాం. ఈ విద్య పుస్తకాల్లో ఉందని మా ఆయన తర్వాత వెతికి చూపించాడు. వాళ్లు ఏ పుస్తకం చూళ్లేదు. డబ్బులిస్తే తీసుకోలేదు, లోపలికొచ్చి పడవ ఎటు ఊగితే దానికి ఎదురు ఊగే స్టవ్వు చూసి చాలాసేపు నవ్వుకున్నారు.

ఇప్పుడు మేం దూరేది కృష్ణపట్నం దగ్గర కందలేరు క్రీకు అనే సముద్రపు పాయ, జువ్వలదిన్నె హార్బరు, నిజాంపట్నం, ఆ పైన కాకినాడ, అంతే. కాకినాడకి హోప్ ఐలాండ్ అడ్డం ఉంటుంది కాబట్టి లోపల నీళ్లు చెరువులా ఉంటాయి, నెల రోజులు కదలం. కొత్తపట్నం ముందర లంగరేసి పడుకున్నది మొత్తం మీద మూడు రాత్రులు, అన్నీ ఫిబ్రవరిలోనే.

ఉలవపాడు_సపోటా:
అక్కా ఈసకపల్లి మీద పసుపు మరక అంటే గుర్తొచ్చింది, మా రామాయపట్నం ఇప్పుడు ఏ జిల్లా అని మీ చార్టులో ఉందా? 2022లో కందుకూరు నియోజకవర్గాన్ని నెల్లూరులో కలిపిన కాణ్ణించి నాకు ఫారాల్లో ఏం రాయాలో తెలియడం లేదు.

పడవక్క:
చార్టులో జిల్లాలుండవు, హాయి.

తుమ్మలపెంట_బోటు:
అక్కా నమస్తే. మేం తుమ్మలపెంట, మాది ఫైబర్ బోటు, నేను డిగ్రీ చదివి మళ్లీ మా నాయనతోనే వేటకి పోతున్నా. సార్‌కి ఒకటి చెప్పాలి, వలల గురించి ఎవరూ రాయలేదు. రాత్రిపూట తీరం వెంబడి పోయేవాళ్లకి అసలు టెన్షన్ అదే. మేం వల వదిలితే అది కిలోమీటరు పైన సాగి ఉంటుంది. ఒక చివర మా బోటు, రెండో చివర థర్మోకోల్ మీద కర్ర, నల్ల జెండా, రాత్రయితే మినుకు మినుకుమనే చిన్న లైటు. బోటు లైటుకీ ఆ మినుకు లైటుకీ మధ్య ఖాళీగా ఉందని దూరారంటే వల మీదే పోయినట్టు. బోటు వెనక నుంచి చుట్టి పోవాలి. అర్థం కాకపోతే టార్చి వేసి ఊపండి, మావాళ్లు ఎటు పొమ్మనేదీ టార్చితోనే చూపిస్తారు.

ఇంకోటి, కొత్త బోటు కనిపిస్తే మావాళ్లకి ముందు అనుమానమే వస్తుంది. తమిళనాడు నుంచి సోనా బోట్లని పెద్ద మరబోట్లు వచ్చి మా వలలు చింపుకుంటా పోయిన రోజులున్నాయి, ఆ కోపం ఎవరి మీదైనా దిగొచ్చు. రేడియోలో తెలుగులో మాట్లాడండి, సగం దారికొస్తారు.

పడవక్క:
తమ్ముడూ నువ్వు మూడేళ్ల క్రితం దొరికి ఉంటే ఎంత బాగుండేది. మా వల కథ కూడా చెప్తా.

పాకల ఎదురుగా, ఒడ్డుకి ఐదు మైళ్లు లోపల, తెల్లవారుజాము మూడు. మేం మూడు గంటలకొకరం వంతు వేసుకుంటాం, అది నా వంతు, మా ఆయన కింద నిద్ర. గాలి పడిపోతే ఇంజను మీద పోతున్నాం. ఉన్నట్టుండి ఇంజను గొంతు బొంగురుపోయింది. తర్వాత ఒక మూలుగు. తర్వాత ఏమీ లేదు. ఇంజను ఆగితే వినపడే నిశ్శబ్దం ఎట్టా ఉంటుందో ఇళ్లల్లో ఉండేవాళ్లకి చెప్పలేను, కరెంటు పోయినప్పుడు ఫ్యాను ఆగిన నిమిషం గుర్తు తెచ్చుకోండి, దానికి చీకటీ నీళ్లూ కలపండి. టార్చి వేస్తే వెనక నీళ్లలో ఆకుపచ్చ నైలాను దారాలు జడ అల్లినట్టు ప్రొపెల్లరుకి చుట్టుకుని ఉన్నాయి, మధ్యలో రెండు కానాగంత చేపలు మెరుస్తున్నాయి. వల చివర లైటు ఆరిపోయి ఉందని తర్వాత తెలిసింది.

మా ఆయన నడుముకి తాడు కట్టుకుని ఉల్లిపాయలు కోసే చాకు పళ్లతో పట్టుకుని దిగాడు. అది సినిమాలో బాగుంటుంది, మూతి కోసుకుంది. నేను తాడు పట్టుకుని, టార్చి పట్టుకుని, ఆయన మునిగిన ప్రతిసారీ అంకెలు లెక్కపెట్టుకున్నా. ముప్పై దాటితే లాగేయాలని ఒప్పందం. ఒకసారి ముప్పై నాలుగు దాకా పోయింది, లాగాను, "ఇంకొక్క పోగే మిగిలింది, ఎందుకు లాగావ్" అని మండిపడ్డాడు. నలభై నిమిషాలు పట్టింది.

తెల్లారి వల తాలూకు మనుషులు వచ్చారు. కోపంగానే వచ్చారు. మేం కోసిన ముక్కలన్నీ నీళ్లలో వదిలేయకుండా బకెట్‌లో ఉంచాం, అది చూసి కాస్త తగ్గారు. బేరం జరిగింది, నష్టం కట్టాం, ఆ రెండు కానాగంతలూ మాకే ఇచ్చి పోయారు. ఆ చాకుకి ఇప్పుడు విడిగా ఒర ఉంది, దాంతో ఉల్లిపాయలు కొయ్యం.

చీరాల_చరిత్ర:
ఇది చదువుతుంటే మోటుపల్లి శాసనం గుర్తొచ్చింది. చినగంజాం దగ్గర, ఒకప్పుడు పెద్ద రేవు. తుఫానుకి ఓడ ఒడ్డుకి కొట్టుకొస్తే అందులో బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు ఏమున్నా అంతకుముందు రాజులు లాక్కునేవాళ్లట. కాకతి గణపతిదేవుడు 1244లో, ఇక నుంచి మామూలు సుంకం తప్ప మిగతాదంతా మీకే వదిలేస్తాం అని సముద్ర వ్యాపారులకి అభయం ఇచ్చి రాతి మీద చెక్కించాడు. ప్రాణాల కన్నా మిన్నగా చూసే ధనం తీసుకుని సాహసించే వాళ్లు కాబట్టి దయతలచాం అని అందులోనే ఉంటుంది. మీకు కానాగంతలు ఇచ్చినవాళ్లు ఆ పక్క ఊళ్లవాళ్లే అయ్యుంటారు.

పడవక్క:
మోటుపల్లి ఎదురుగా చాలాసార్లు రాత్రిపూట పోయాం అండీ. రేవు కనపడదు, రొయ్యల చెరువుల లైట్లు కనపడతాయి, పెద్ద ఊరేదో ఉన్నట్టు మైళ్ల పొడవునా. మొదటిసారి దాన్ని చీరాల అనుకుని దారి తప్పినంత పని చేశాం.

కావలి_రిటైర్డ్:
మేడం గారూ చాలా థ్యాంక్స్. ధైర్యం వచ్చిందా పోయిందా అనేది చెప్పలేకపోతున్నా. నెలల సంగతి చెప్పండి. ఇంకో అనుమానం, సముద్రం అంత ఇబ్బందయితే బకింగ్‌హాం కాలువ ఉంది కదా తీరం వెంబడే, అందులో పోకూడదా?

బకింగ్‌హాం_మనవడు:
ఈ ప్రశ్న కోసమే నేను ఈ పేరు పెట్టుకున్నా. మా తాత ఆ కాలువ మీద పడవ నడిపాడు. సరుగుడు కట్టెలు, ఉప్పు, ధాన్యం వేసుకుని మద్రాసుకి. గాలి ఉంటే చాప, లేకపోతే గట్టు మీద ఇద్దరు మనుషులు భుజాన తాడు వేసుకుని లాగుకుంటా పోవడం, చిన్నప్పుడు ఆయన భుజం మీద ఆ తాడు కాయ నేను తడిమి చూసేవాణ్ణి, చెప్పు తోలులా ఉండేది. 1806లో మద్రాసు దగ్గర మొదలైన కాలువ ముక్క ముక్కగా పెరిగి ఇటు పెదగంజాం దాకా వచ్చింది, 1877-78 కరువులో పనికోసం వచ్చిన జనంతో చాలా భాగం తవ్వించి అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువ కలుస్తుంది, అట్టా కాకినాడ దాకా పడవ మీదే పోయేవాళ్లు, సముద్రం మొహం చూడకుండా.

ఇప్పుడు పోలేరు సార్. 1965, 66 తుఫాన్లకి దెబ్బతింది, తర్వాత పట్టించుకున్నవాళ్లు లేరు. 2008లో నాలుగో జాతీయ జలమార్గం అని ప్రకటించారు, మా ఊరి దగ్గర మాత్రం గుర్రపుడెక్క మీద కొంగలు నడుస్తా ఉంటాయి. కొన్నిచోట్ల మోకాలి లోతు, లాకులు పోయాయి, వంతెనలు కిందకి ఉంటాయి, మీ తెరచాప స్తంభం పడుకోబెట్టినా దూరదు. తెప్ప వేసుకుని ఒక పది కిలోమీటర్లు సరదాగా అంటే రండి, నేను చూపిస్తా.

తుమ్మలపెంట_బోటు:
నెలలు నేను చెప్తా సార్. ఫిబ్రవరి నుంచి నీటి వాలు పైకి, అంటే కాకినాడ వైపు. మధ్యాహ్నం అయ్యేసరికి దక్షిణం నుంచి పైరగాలి. పైకి పోవాలంటే ఫిబ్రవరి, మార్చి, అంతకన్నా మంచి రోజులు లేవు. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తా ఉంటాయి, నీళ్ల మీద తేలి నిద్రపోతాయి, చూసుకుని పోండి, తగిలితే వాటికీ నష్టం మీకూ నష్టం. ఏప్రిల్, మే దక్షిణపు గాలి ముదురుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, అప్పుడు వలల బెడద తక్కువ, కానీ బోట్లన్నీ హార్బర్లలోనే ఉంటాయి కాబట్టి మీకు కట్టుకునే చోటు దొరకదు. అక్టోబరుకల్లా నీరు తిరగబడుతుంది, కిందకి. కిందకి రావడానికి అదే మంచిది కదా అనుకుంటారు, కానీ అవి వాయుగుండాల రోజులు. మేమే బోట్లు పైకి లాగేసుకుంటాం.

పడవక్క:
అక్షరాలా ఇదే. మేం ఫిబ్రవరిలో పైకి పోతాం, ఎండలు ముదిరేలోపు కాకినాడ. సెప్టెంబరులో గాలి నెమ్మదించిన వారం చూసుకుని కృష్ణపట్నం వచ్చేస్తాం. అక్టోబరు నుంచి డిసెంబరు సగం దాకా పడవ కందలేరు క్రీకులో బాగా లోపల, మడచెట్ల పక్కన. లోపలికి పోయేటప్పుడు పోర్టు కంట్రోలుకి రేడియోలో చెప్పి, పెద్ద ఓడ ఏదీ కదలడం లేదన్నాకే పోవాలి, బొగ్గు ఓడ ముందర మనం చీమ. ఆ రెండున్నర నెలలూ మేం నెల్లూరు ఇంట్లో మనుషుల్లా ఉంటాం.

2023లో మిచాంగ్ వచ్చినప్పుడు చూడాలి. తెరచాపలు విప్పి ఇంటికి తెచ్చేశాం, ఏడు తాళ్లు కట్టాం, రెండు లంగర్లు. డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది, దానికి ముందు రోజంతా నెల్లూరులో కిటికీ పక్కన కూర్చుని, ఆ తాళ్లు ఒక్కొక్కటీ మనసులో తడుముకోవడమే పని. మా ఆయన రాత్రి నిద్రలో లేచి "మూడో తాడు రాపిడి పడుతుంది, గుడ్డ చుట్టలేదు" అన్నాడు. రెండ్రోజుల తర్వాత పోయి చూస్తే నిజంగానే మూడో తాడు సగం తెగి ఉంది. మిగతా ఆరూ పట్టుకున్నాయి.

డిసెంబరు ఆఖర్లో ఈశాన్యం గాలి వెనక నుంచి పెట్టుకుని చెన్నై పోతాం, పడవని క్రేనుతో పైకెత్తి అడుగున పట్టిన గుల్లలు గీకి రంగు వేయిస్తాం. దారిలో రెండు జాగ్రత్తలు. దుగరాజపట్నం ఎదురుగా ఆర్మగాం షోల్ అని ఇసుక తిప్ప ఉంది నీళ్ల కింద, దానికి దూరంగా పోవాలి. ఇంగ్లీషువాళ్లు మద్రాసు కన్నా ముందు, 1626లో దిగింది అక్కడే, ఆరుముగం అనే ఆయన పేరే నోరు తిరక్క ఆర్మగాం అయిందంటారు. ఇంకోటి శ్రీహరికోట. రాకెట్ ఉన్న రోజు ఆ ముందర సముద్రంలోకి ఎవర్నీ రానివ్వరు. 2024 డిసెంబరు 30న మేం అందుకే కృష్ణపట్నంలో ఆగిపోయాం. రాత్రి పది గంటలకి దక్షిణాన ఆకాశం నారింజ రంగు అయింది, క్రీకు నీళ్లు కూడా. వెలుగు మబ్బులోకి పోయిన తర్వాత, ఇక అయిపోయిందని నేను లోపలికి దిగుతుంటే, మూడు నిమిషాలకి సన్నగా గుడగుడమని శబ్దం వచ్చింది. అరవై కిలోమీటర్లు నడిచి రావాలి కదా, పాపం, ఆ మాత్రం పడుతుంది.

హైదరాబాద్_నెల్లూరోడు:
ఖర్చు సంగతి ఎవరూ చెప్పట్లేదు.

పడవక్క:
మాకు అయింది చెప్తా, అందరికీ ఇంతే అనుకోవద్దు. పడవ పదహారు లక్షలు, కొన్నాక మొదటి ఏడాది రిపేర్లకే ఇంకో ఏడు. ఇంజను పాతది, తాళ్లు ఎండకి పొడి అయిపోయాయి, బ్యాటరీలు చచ్చిపోయాయి. ఇప్పుడు నెలకి పాతిక నుంచి ముప్పై వేలు, అందులో తిండి సగం. డీజిలు గంటకి రెండు లీటర్లు తాగుతుంది, గాలి ఉంటే అదీ లేదు. కరెంటుకి రెండు సోలార్ పలకలు, చిన్న ఫ్రిజ్జు, లైట్లు, ఫోన్లు నడుస్తాయి. ఏసీ, మిక్సీ మర్చిపోండి. ఇడ్లీ పిండి మాత్రం నెల్లూరులో రుబ్బించుకుని ఎక్కితే చాలు, ఆ ఊపుకి భలే పొంగుతుంది.

నీళ్లు మూడు వందల లీటర్లు. గిన్నెలు ఉప్పునీళ్లతో తోమి మంచినీళ్లతో ఒక్కసారి జాడించడం. పడవ ఎక్కిన కొత్తలో వాంతులవుతాయి, నాకు మూడ్రోజులు అయ్యాయి, అల్లం మురబ్బా చప్పరిస్తే కొంత నయం.

పోర్టు_పాతకాపు:
కాగితాల సంగతీ చెప్పమ్మా. 2008లో ముంబై మీద దాడి చేసినవాళ్లు పడవలో వచ్చారు, అప్పటి నుంచి తీరంలో తెలియని బోటంటే ఊరికే వదలరు. రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, ఆధార్, రేడియో లైసెన్సు అన్నీ రెండేసి కాపీలు పెట్టుకోవాలి. రేడియో ఎప్పుడూ 16వ ఛానల్ మీద తెరిచే ఉండాలి. కోస్ట్‌గార్డ్ నంబరు 1554, మెరైన్ పోలీసు 1093, గోడ మీద రాసుకోండి.

పడవక్క:
అవునండీ. ఒకచోట మమ్మల్ని నాలుగు గంటలు కూర్చోబెట్టారు. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, వాళ్లకి అర్థం కానిదల్లా సొంతిల్లు ఉండి ఈ వయసులో పడవలో ఎందుకున్నాం అనేది. ఒకాయన పక్కకి పిలిచి నన్ను గట్టిగా అడిగాడు, "అమ్మా మీ ఇష్టంతోనే వచ్చారా?" అని. నవ్వొచ్చింది కానీ తర్వాత ఆలోచిస్తే మంచి ప్రశ్నే అనిపించింది.

ఒంగోలు_గిత్త:
కావలి సార్, ఆ ప్రశ్న ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించండి.

కావలి_రిటైర్డ్:
నేను ఈయన భార్యని. ఫోను ఇక్కడ పెట్టి స్నానానికి పోయారు, వారం నుంచి రాత్రిళ్లు ఇదే చదువుతున్నారు కాబట్టి నేనూ మొత్తం చదివాను. పడవక్క గారూ, మీరే జవాబు చెప్పండి. బాత్రూము ఎట్టా? మధ్యలో నాకు విసుగొస్తే ఎక్కడ దిగి బస్సెక్కొచ్చు? ఈయనకి షుగరు, బీపీ రెండూ ఉన్నాయి, ఆ సంగతి పైన ఎక్కడా రాయలేదు. నాకు ఈత రాదని మాత్రం రాశారు. నేను పడితే ఈయన దూకుతారు సరే, ఈయన పడితే?

పోర్టు_పాతకాపు:
ఇన్ని రోజుల్లో ఈ చర్చలో వచ్చిన మొదటి సరైన ప్రశ్న ఇది.

పడవక్క:
అమ్మా నమస్తే. చెప్తా. బాత్రూము ముందుభాగంలో చిన్న అల్మారా అంత ఉంటుంది, చేతిపంపు కొట్టాలి, మొదటి వారం ఏడుపొస్తుంది, తర్వాత అలవాటైపోతుంది. దిగి బస్సెక్కడం జువ్వలదిన్నెలోనూ నిజాంపట్నంలోనూ కుదురుతుంది, నేను రెండుసార్లు ఎక్కాను, ఒకసారి మా చెల్లెలి ఇంట్లో సీమంతానికి, ఒకసారి ఊరికే, కోపంతో. మందులు నెలకి సరిపడా రెండు డబ్బాల్లో, రెండు వేర్వేరు చోట్ల.

నాలుగో ప్రశ్నకి కాస్త పెద్ద జవాబు. మీరు నీళ్లలో పడకుండా ఉండటానికి లైఫ్ జాకెట్ ఉంది, నడుముకి పట్టీ వేసి పడవకి కట్టుకోవడం ఉంది. రాత్రిపూట పైకొస్తే ఆ పట్టీ తగిలించుకోకుండా మెట్టు ఎక్కకూడదు, మా ఇంట్లో అది చట్టం. ఆయన పడితే మాత్రం పడవ వెనక్కి తిప్పాల్సింది మీరు. తెరచాప దించడం, ఇంజను వేయడం, ఆయన మీద నుంచి చూపు మరల్చకుండా తిప్పడం, మనిషికి పక్కగా ఆపడం. మూడు నిమిషాల పని, కానీ చేతికి అలవాటు కావాలి. మొదటి ఏడాది మా ఆయన నాకు వంట తప్ప ఏదీ ముట్టుకోనివ్వలేదు, అంతా తనే. ఆ మొగలో ఇరుక్కున్న రోజు నేను ఇంజను ఇచ్చానని రాశాను చూడండి, అప్పటికి నాకు అది ఎట్టా వేయాలో తెలియదు, ఒడ్డు నుంచి వచ్చిన కుర్రాడొకడు చెయ్యి పట్టుకుని చూపించాడు. ఆ రాత్రే నేను అడిగాను, నేర్పుతావా, బస్సెక్కమంటావా అని. పక్క రోజు పొద్దున కొబ్బరిబోండాం నీళ్లలో పడేసి దాన్ని పట్టుకోమన్నాడు. ఇరవై మూడుసార్లు తప్పాను. ఇరవై నాలుగోసారికి దొరికింది. ఇప్పటికీ నెలకోసారి బోండాం పడేస్తాం, ఒకసారి నేను, ఒకసారి ఆయన.

మీవారు హుస్సేన్‌సాగర్‌లో నేర్చుకున్నారు కదా, మీరూ నేర్చుకోండి, వేరే గురువు దగ్గర. మొగుళ్ల దగ్గర డ్రైవింగూ, తెరచాపా నేర్చుకోకూడదు.

ఉలవపాడు_సపోటా:
కారు విషయంలో నాకిది అనుభవమే. ఇప్పటికీ రివర్స్ గేరు వేస్తే ఆయన గొంతు వినపడుతుంది.

కావలి_రిటైర్డ్:
మళ్లీ నేనే, ఈయన ఇంకా బయటికి రాలేదు. ఒక్కసారి మీ పడవ చూడొచ్చా? ఎక్కను, చూస్తాను.

పడవక్క:
తప్పకుండా రండి. ప్రస్తుతం క్రీకులోనే ఉంది. శనివారం పొద్దున ఆరింటికి నీళ్లు కదలకుండా ఉంటాయి. నెల్లూరులో ముత్తుకూరు బస్సెక్కి, అక్కడ దిగి ఫోన్ చేయండి, మా ఆయన బండి మీద వస్తాడు. చీర కన్నా చుడీదార్ సుఖం. బోండాం నేను తెచ్చి ఉంచుతా.

తుమ్మలపెంట_బోటు:
అక్కా శనివారం నేనూ వస్తా, నెత్తళ్లు తెస్తా. మీ స్టవ్వు చూడాలి.

కావలి_రిటైర్డ్:
సరే. ఈయనకి ఇంకా చెప్పలేదు. శనివారం తెల్లవారుజామున మూడింటికి లేపి చెప్తాను.